ఐదేళ్ళు, 1,146 గంటలు: ఇంట్లో కూర్చుని విమానం నడిపిన అనుభవం

2020 దసరాకు మొదలుపెట్టాను. నిన్న రాత్రి కంప్యూటర్ ఆపేసరికి నా నోటుపుస్తకంలో 1,146 గంటలు తేలాయి. విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ విడిభాగాల దుకాణం. పగలంతా కమాన్ కట్టలు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు. రాత్రి భోజనాలయ్యాక సింగ్ నగర్‌లో మా మేడమీద గదిలో విమానం, అంటే కంప్యూటర్‌లో అచ్చం విమానం నడిపినట్టే ఉండే సిమ్యులేటర్. ఈ అభిరుచి సంగతి తెలిసినవాళ్ళు మొట్టమొదట అడిగేది తెర మీద బొమ్మ ఎలా ఉంటుందని. బొమ్మ చాలా బాగుంటుంది. ఐదేళ్ళకు పైగా నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మాత్రం దిగడం. విమానాన్ని సరిగ్గా నేలకు దించడం.

మొదట్లో నాకూ బొమ్మ మీదే మోజు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్తది ఆ ఏడాది ఆగస్టు 18న వచ్చింది. భూగోళమంతా ఉపగ్రహ చిత్రాలతో పరిచి ఇచ్చారని విని, అయితే మన కృష్ణ కూడా ఉంటుంది కదా అని కొన్నాను. గన్నవరంలో పడమరకు చూసే 26 అనే రన్‌వే నుంచి లేచి, ముక్కు తిప్పకుండా పడమరగా పోతే ఏడెనిమిది నిమిషాల్లో ప్రకాశం బ్యారేజీ వస్తుంది. కుడిపక్క ఇంద్రకీలాద్రి, ఇంకా దూరంగా కొండపల్లి గుట్టలు. ఎడమపక్క ఉండవల్లి, ఆ వెనక మంగళగిరి కొండ. పుట్టినప్పటి నుంచి కింది నుంచే చూసిన ఊరును మొదటిసారి పైనుంచి చూసినప్పుడు మా అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మర్నాడు నది వెంటే హంసలదీవి దాకా వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు చుట్లు తిరిగి వచ్చాను. కొండలు, కాలువలు, లంకలు అచ్చం మనవే. ఇళ్ళు మాత్రం ఉపగ్రహ చిత్రాన్ని బట్టి ప్రోగ్రాం కట్టుకున్నవి. మా వీధి ఉంది, మా ఇల్లు లేదు. కళ్ళ ఆకలి ఓ పదిహేను రోజుల్లో తీరింది. అక్కడితో ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఆ పదిహేను రోజుల్లో నేను ఒక్కసారి కూడా సరిగ్గా దిగలేదు. నన్ను పట్టుకున్నది అదే.

నేను నేర్చుకున్నది సెస్నా 172 మీద. నాలుగు సీట్ల చిన్న విమానం, 1955లో తొలిసారి ఎగిరింది, ఇప్పటికీ శిక్షణకు వాడుతున్నారు. రన్‌వే పక్కన వరుసగా నాలుగు దీపాలు ఉంటాయి, పాపీ అంటారు. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే మూడు డిగ్రీల వాలులో సరిగ్గా వస్తున్నట్టు. నాలుగూ తెల్లగా ఉంటే మరీ ఎత్తులో ఉన్నాం, నాలుగూ ఎర్రబడితే మరీ కిందికి వచ్చేశాం. మూడు ఎర్రబడగానే కొత్తవాడి చెయ్యి ఏం చేస్తుంది? ముక్కును ఎత్తి దించే స్టిక్‌ను వెనక్కి లాగుతుంది. ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, విమానం ముందుకంటే ఎక్కువగా కుంగుతుంది. నాలుగో దీపం కూడా ఎర్రబడుతుంది. ముక్కుతో వేగాన్ని, థ్రాటిల్‌తో (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే పిడి) ఎత్తును చూసుకోవాలని చదివితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అది చేతికి ఎక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) పూర్తిగా దించి, 65 నాట్ల (గంటకు సుమారు 120 కిలోమీటర్ల) దగ్గర వేగాన్ని నిలిపి, దీపాలు రెండూ రెండుగా ఉన్నాయని చూసుకుంటూ వచ్చాక, చివరి ఇరవై అడుగుల్లో దీపాలను మరిచిపోయి చూపును రన్‌వే కొస మీదికి తీసుకుపోవాలి. కింద పరుగెడుతున్న నేలను చూశామా, ఎత్తు అంచనా తప్పుతుంది. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ముక్కును కొద్దికొద్దిగా ఎత్తుతూ విమానాన్ని నేలకు తాకనివ్వకుండా పట్టి ఉంచాలి. ఇక ఎగరలేనని అది తనంతట తాను చెబుతుంది. రెక్క ఇక మోయలేని స్థితికి వస్తోందని హెచ్చరించే స్టాల్ హారన్ సన్నగా ఈల వేస్తుంది, ఆ ఈలలోనే వెనక చక్రాలు ఆనుతాయి. మొదట్లో నేను నిమిషానికి 600 అడుగుల వేగంతో నేలను గుద్దేవాణ్ణి. ఇప్పుడు చాలాసార్లు 150 లోపే. ఈ తేడాకు ఐదేళ్ళు పట్టిందని చెప్పడం నాకు గర్వంగానే ఉంటుంది.

ఇక సామాను సంగతి. మొదట కొన్న జాయ్‌స్టిక్ నాలుగు వేల లోపుది. రెండేళ్ళు బాగా పనిచేసింది, కొత్తవాళ్ళకు అంతకుమించి అక్కర్లేదు. దాని పిడిని మెలితిప్పితే రడ్డర్ (ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక పలక) కదులుతుంది. సెస్నాకు పూర్తి థ్రాటిల్ ఇవ్వగానే ప్రొపెల్లర్ వల్ల ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ ఇచ్చి నిలబెట్టాలి. అసలు విమానంలో అది కాళ్ళ పని. చేత్తో చేస్తుంటే నాకు ఏదో అబద్ధం ఆడుతున్నట్టు ఉండేది. విదేశాల నుంచి వచ్చే పెడల్స్ ధర చూసి వెనక్కి తగ్గి, మా వెనక వీధి వెల్డింగ్ షాపుకు కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్ళాను. ఎల్ యాంగిల్ ఇనుముతో చట్రం, మా దుకాణంలోవే రెండు బేరింగులు, మోపెడ్ స్టాండుకు వేసే స్ప్రింగులు రెండు. పెడల్ కదలికను కంప్యూటర్‌కు చెప్పడానికి ఆర్డ్యునో ప్రో మైక్రో అనే అరచేతిలో సగం కూడా లేని బోర్డు. కంప్యూటర్ దాన్ని జాయ్‌స్టిక్ అనే అనుకుంటుంది. మొదట రేడియో వాల్యూమ్ బటన్లలో ఉండే పొటెన్షియోమీటర్ పెట్టాను. ఆర్నెల్లకే దుమ్ము చేరి రడ్డర్ వణకడం మొదలుపెట్టింది. దాని బదులు అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ వేశాను. అందులో రాసుకునేదేమీ లేదు కాబట్టి అరుగుదల లేదు, నాలుగేళ్ళుగా వణకలేదు. మొత్తం ఖర్చు 1,400 రూపాయలు.

ఈ పెడల్స్ చేయించుకున్నాకే లింక్ ట్రైనర్ కథ చదివాను. మొదటి సిమ్యులేటర్లలో పేరుపడినది అది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో తయారుచేశాడు. వాళ్ళ నాన్నది ఆర్గన్లు, పియానోలు చేసే కర్మాగారం. హార్మోనియంలో గాలి నింపే తిత్తుల్లాంటివే ఆ ఆర్గన్లలోనూ ఉంటాయి. ఆయన వాటినే చిన్న డొప్ప కింద అమర్చి, గాలి నింపుతూ తీస్తూ డొప్ప విమానంలా ఒరిగేటట్టు చేశాడు. 1934లో అమెరికా సైన్యం ఆరు కొన్నది. ఉత్తరాలు మోసే విమానాలు మంచులో, చీకట్లో కూలి పైలట్లు చనిపోయాక గాని ఆ అవసరం వాళ్ళకు తెలియలేదు. సిమ్యులేటర్ పుట్టిందే చేతిలో ఉన్న సామానుతో అని తెలిశాక నా ఇనుప పెడల్స్ మీద నాకు మమకారం ఇంకా పెరిగింది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. ఖర్చు లేకుండా రుచి చూడాలంటే ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం. ఎక్స్-ప్లేన్ రెక్కను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతుందో లెక్కగడుతుంది. విమానం నడక కోసం నేను దానికి వెళతాను, ఊరు చూడడానికి మైక్రోసాఫ్ట్‌కు వస్తాను. మైక్రోసాఫ్ట్ వాళ్ళది 1982 నుంచి ఉన్న పేరు. పెద్ద విమానం కావాలంటే ఫ్లైబైవైర్ బృందం ఏ320ని ఉచితంగానే ఇస్తోంది. అందులోని కంప్యూటర్‌లో దారి ఎక్కించడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

వాతావరణం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. సిమ్యులేటర్‌లో బయట ఉన్న అసలు వాతావరణాన్నే పెట్టుకోవచ్చు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, అలాంటి ఒక మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో గన్నవరం నుంచి లేవబోయాను. విమానం ఎంతకీ లేవదు. ఏదో చెడిపోయిందనుకున్నాను. తరువాత లెక్క వేసి చూస్తే ఇదీ సంగతి: వేడి గాలి పలచన. 15 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగులు ఎత్తు పెరిగినట్టు లెక్క. గన్నవరం సముద్రమట్టానికి నూరడుగుల లోపే ఉన్నా, ఆ మధ్యాహ్నం విమానానికి అది మూడున్నర వేల అడుగుల కొండ మీది ఊరు. సంక్రాంతి ఉదయపు చలిలో లేచినదానితో పోలిస్తే నేల మీద పరుగు దాదాపు ఐదో వంతు ఎక్కువైంది. ఎండాకాలంలో లారీ లాగుడు తగ్గుతుందని డ్రైవర్లు మా దుకాణంలో ఎప్పుడూ చెప్పేదే. నాకు ఆ రోజు అర్థమైంది.

ఏడాది గడిచాక వాట్సిమ్‌లో చేరాను. 2001 నుంచి నడుస్తున్న ఈ నెట్‌వర్క్‌లో ఎక్కడెక్కడి వాళ్ళో స్వచ్ఛందంగా కంట్రోలర్లుగా కూర్చుని మన విమానాలకు దారి చెబుతారు. మొదటి రాత్రి చెప్పాల్సిన మాటలన్నీ కాగితం మీద రాసుకుని కూడా మైకు నొక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వాళ్ళు చెప్పిన ఎత్తు, దిశ, పీడనం అన్నీ మనం తిరిగి చదివి వినిపించాలి. తప్పు చదివితే వాళ్ళు దిద్దుతారు. రేడియోలో కలగాపులగం కాకుండా తొమ్మిదిని నైనర్ అంటారు. ఈ తిరిగి చదివే అలవాటును నేను దుకాణానికి తెచ్చుకున్నాను. ఫోనులో పార్టు నంబరు చెప్పినవాళ్ళకు అంకె అంకె తిరిగి చదివి వినిపిస్తాను. తప్పు సరుకు వెళ్ళి వెనక్కి రావడం బాగా తగ్గింది. వాట్సిమ్‌తో ఒక్క చిక్కు: దిగే వరుసలో ఉన్నప్పుడు మధ్యలో లేవడం మర్యాద కాదు. అమ్మ కింది నుంచి అడుగుతుంది, "ఇంకా దిగలేదా నాయనా, అన్నం చల్లారిపోతోంది" అని.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా సింగ్ నగర్‌ను ముంచింది. కింది వాటా నీళ్ళలో ఉంది, కరెంటు లేదు, మేమంతా మేడ మీద. హెలికాప్టర్ వచ్చి డాబాల మీద ఆహారం పొట్లాలు జారవిడిచేది. చుట్టూ కరెంటు తీగలు, నీళ్ళ ట్యాంకులు, చేతులూపుతున్న జనం. అది గాలిలో ఒక్కచోట కదలకుండా నిలబడడం చూశాను. కరెంటు వచ్చి ఇల్లు ఆరాక, సిమ్యులేటర్‌లో హెలికాప్టర్ తెరిచాను. కాబ్రీ జీ2 అనే రెండు సీట్లది. ఎడమచేత్తో కలెక్టివ్ అనే మీటను ఎత్తితే పైకి లేస్తుంది, లేస్తూనే ముక్కు పక్కకు తిరుగుతుంది. దాన్ని పెడల్‌తో ఆపితే మొత్తం ఓ పక్కకు జారుతుంది. ఆ జారుడును కుడిచేత్తో దిద్దితే కిందికి కుంగుతుంది, మళ్ళీ ఎడమచెయ్యి. ఒకదాన్ని ముట్టుకుంటే మూడూ కదులుతాయి. ఖాళీ మైదానం మీద, గాలి లేకుండా, పది క్షణాలు ఒకేచోట నిలపడానికి నాకు మూడు వారాలు పట్టింది. మా డాబా మీద నిలబడ్డ ఆ పైలట్లు ఎవరో నాకు తెలియదు. ఆ మూడు వారాలూ ప్రతి రాత్రీ వాళ్ళకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఖర్చు మెల్లగా పాకుతుంది. మొదట 8 జీబీ ర్యామ్, తరువాత 16. 150 జీబీ ఖాళీ అడిగితే కొత్త ఎస్‌ఎస్‌డీ. రెండేళ్ళ తరువాత గ్రాఫిక్స్ కార్డు, దానికి దుకాణంలో ఒక నెల మిగులు పోయింది. మూడు వేలకు పైగా పెట్టి కొన్న ఒక యాడ్-ఆన్ (విడిగా కొని సిమ్యులేటర్‌కు కలుపుకునే) విమానం తరువాతి అప్‌డేట్‌కే పనిచేయడం మానేసింది, అమ్మినవాళ్ళు నా ఉత్తరాలకు బదులే ఇవ్వలేదు. మొదటి ఏడాది ఏ యాడ్-ఆన్ కొనవద్దని అందుకే చెబుతున్నాను. యూపీఎస్ మాత్రం మొదటి రోజే కొనండి. హైదరాబాద్ నుంచి గంటసేపు వచ్చి, కొండపల్లి దాటి దిగబోతుండగా కరెంటు పోతే కలిగే బాధ చెప్పలేనిది. వేసవి పగళ్ళలో కంప్యూటర్ వేడికి గదిలో కూర్చోలేం. ఇంకొకటి, ఇక్కడ గడిపిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు. మన దేశంలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 40 గంటలు, కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు అసలు విమానంలోనే ఎగరాలి. పిల్లవాణ్ణి పైలట్ చేద్దామని ఇది కొనేవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని కొనాలి.

అన్నిటికంటే పెద్ద లోటు ఒళ్ళు. కన్ను, చెవి, చెయ్యి, కాలు అన్నీ పనిచేస్తాయి గాని కుర్చీ కదలదు. ఆ లోటు ఎంతో నాకు కిందటి మార్చిలో తెలిసింది. హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళి ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానంలో తిరిగి వస్తున్నాను. కిటికీ పక్క సీటు, ప్రొపెల్లర్ కళ్ళ ముందే. ఫ్లాప్స్ దిగుతున్న చప్పుడు వినగానే ఎన్ని మైళ్ళు మిగిలాయో అంచనా వేసుకున్నాను. తూర్పుకు వెళ్ళి తిరిగి 26 మీదికి వచ్చాం, కుడివైపు దూరంగా హనుమాన్ జంక్షన్ దీపాలు. దక్షిణపు గాలి గట్టిగా ఉంది. ముక్కు గాలికి ఎదురుగా ఎడమకు తిరిగి ఉందని రెక్కను చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు కుడి పెడల్ తొక్కాలి అనుకున్న క్షణానే పైలట్ తొక్కారు. ముక్కు రన్‌వేకు తిరిగింది, నా ఒళ్ళంతా ఒక్కసారి పక్కకు తోసుకుంది, చక్రాలు ఆనాయి. ఐదేళ్ళలో ఎన్ని వందలసార్లు చేశానో ఆ పని. ఆ తోపు మాత్రం నాకు అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి ఆ రాత్రే గన్నవరంలో అదే గాలి పెట్టుకుని పదకొండుసార్లు దిగాను. కుర్చీ కదలలేదు. పెడల్ మాత్రం నాలుగుసార్లు సరిగ్గా ఆ క్షణానికే పడింది.