ఏలేరు గట్టు నుంచి కొండకర్ల ఆవ దాకా: అనకాపల్లి చుట్టూ రెండు రోజుల గ్రావెల్ సైక్లింగ్

విశాఖలో గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల మీద తొక్కే వెడల్పు టైర్ల సైకిల్) ఉన్నవాళ్ళు సెలవు దొరికితే భీమిలి రోడ్డు పట్టుకుంటారు. మట్టి దారి కావాలంటే మాత్రం ఎదురు దిక్కున అనకాపల్లి వైపు వెళ్ళాలి. శారదా నది, ఏలేరు కాలవ, రైవాడ కాలవలు, ఊరికో చెరువు, చివర్లో కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. ఇన్ని నీటి గట్లు ఒకదాని పక్కన ఒకటి దొరికే చోటు నగరానికి ఇంత దగ్గర్లో ఇంకోటి లేదు.

ఏ గట్టు ఎక్కబోయినా ముందు దాని మీద ఏ బండి తిరుగుతోందో చూసుకోండి. దారి ఎలా ఉంటుందో సగం అక్కడే తెలిసిపోతుంది. జీపు తిరిగే గట్టు గట్టిగా, వెడల్పుగా ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్లు సునాయాసంగా వెళ్ళొచ్చు. ట్రాక్టరు తిరిగే గట్టుకు రెండు చాళ్ళు పడి, నడుమ గడ్డి మిట్ట ఉంటుంది. అక్కడ 10, 12 కన్నా ఆశపడొద్దు. మోటారు సైకిలు ఒక్కటే తిరిగే గట్టు మీద జానెడు బాట మిగులుతుంది. దాని మీద దిగి నడిచే దూరం కూడా లెక్కలో వేసుకోవాలి. మ్యాపులో ఈ మూడూ ఒకే గీతలా కనిపిస్తాయి. రోజుకు 50 కిలోమీటర్లు చాలు. మధ్యలో ఆగే సమయంతో కలిపి అయిదారు గంటలు పడుతుంది.

విశాఖ నుంచి అనకాపల్లి దాకా హైవే మీద తొక్కుకుంటూ రావడం అనవసరం. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా లారీల మధ్య దాదాపు 40 కిలోమీటర్లు తొక్కితే అసలు దారికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. నలుగురైదుగురు ఉంటే టాటా ఏస్ మాట్లాడుకోవడం అన్నిటికన్నా మంచిది. సైకిళ్ళ మధ్యలో పాత దుప్పట్లు పెట్టి, గేర్లున్న వైపు ఒకదానికొకటి తగలకుండా కట్టండి. ఒక్కరే అయితే రెండు చక్రాలూ విప్పి, సంచిలో పెట్టి, రద్దీ లేని ప్యాసింజరు రైల్లో రావచ్చు. సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేస్తే అనకాపల్లిలో బండి ఆగే ఆ కాస్త సేపట్లో దింపడం కంగారైపోతుంది.

కాలం విషయంలో పట్టుదల ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు వస్తాయి, గట్లు నానిపోతాయి. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా బాగుంటుంది. వాన పడితే ఎర్రమట్టి రెండు రోజుల్లో ఆరుతుంది, నల్లమట్టికి అయిదారు రోజులు కావాలి. జనవరిలో పొగమంచు వల్ల ఏడున్నర దాకా గట్టు అంచు కనిపించని రోజులుంటాయి. అలాంటప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చోవడమే మేలు.

మొదటి రోజు ఏలేరు గట్టుతో మొదలుపెట్టండి. యేలేశ్వరం దగ్గరి జలాశయం నుంచి స్టీలు ప్లాంటుకు, నగరానికి నీళ్ళు తెచ్చే ఈ కాలవ పొడవు 150 కిలోమీటర్ల పైనే. సిబ్బంది బండి తిరిగే గట్టు కాబట్టి కశింకోట, అనకాపల్లి మండలాల్లో దీన్ని మించిన దారి లేదు. కొత్తవాళ్ళకు ఇదే సరైన మొదలు. గేటు వేసి ఉంటే పక్కనుంచి దూరకండి, కిందికి దిగి ఊరి దారిన వెళ్ళి మళ్ళీ ఎక్కండి. సిమెంటు వాలు ఉన్నచోట నీళ్ళ కోసం దిగనే వద్దు. పాచి మీద కాలు జారితే ఈత వచ్చినవాళ్ళు కూడా పైకి ఎక్కలేరు.

పొలాలకు పారే కాలవల గట్ల మీద అసలు ప్రమాదం గడ్డిలో దాక్కుని ఉంటుంది. గట్టు కింద తూము పైపు వేసిన చోట దాని మీద కప్పిన మట్టి ఏటా కుంగుతుంది. పైపు కుంగదు. అందువల్ల పైపుకు ఇటూ అటూ అరడుగు లోతు గుంట పడి, నడుమ పైపు వీపు మిగులుతుంది. దూరం నుంచి చూస్తే పచ్చగా, చదునుగా ఉంటుంది. ముందు చక్రం గుంటలో దిగి పైపు అంచుకు కొట్టుకుంటే రిమ్ముకీ పైపుకీ మధ్య నలిగి ట్యూబు రెండు చోట్ల చిట్లుతుంది. పొలంలోకి పిల్లకాలవ చీలడం కనిపించిందంటే తూము వస్తోందన్నమాట. పెడల్ ఆపి, సీటు మీంచి లేచి, మోచేతులు వదులుగా పెట్టి దాటండి. గండి పూడ్చిన చోట ఇసుక లోతుగా ఉంటుంది, దిగి నడిపించండి.

టైరు సైజు 700×40కి (అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పుకి) తగ్గొద్దు. 70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్ అయితే గాలి ముందు 30, వెనక 33 పీఎస్‌ఐ. ట్యూబు అయితే 38, 42. మన ఎండకు సీలెంట్ (టైరు లోపల పోసే, బొక్కలు పూడ్చే ద్రవం) తొందరగా ఎండిపోతుంది. రెండు నెలలకోసారి విప్పి చూసి టైరుకు 40 మిల్లీలీటర్లు పోయాలి. చెరువు గట్ల మీద పల్లేరు కాయలకు సీలెంట్ బాగానే పనిచేస్తుంది. తుమ్మ ముల్లు అలా కాదు. పొడవు ఎక్కువ, ట్యూబు పై పొరా కింది పొరా రెండూ దిగుతుంది. ఒక బొక్క అతికించి గాలి కొట్టి బయల్దేరాక పది నిమిషాల్లో మళ్ళీ కూలబడేది ఇందుకే. అతికించాక ట్యూబును నీళ్ళ బేసిన్‌లో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. టైరు లోపల వేలితో కాకుండా గుడ్డతో తుడిస్తే విరిగిన ముల్లు మొన తగులుకుంటుంది.

ఊళ్ళలో సైకిల్ షాపులవాళ్ళు పుల్లలు బిగించి చక్రం వంకర తీయడంలో గట్టివాళ్ళు. మన బండికి సరిపడే ట్యూబు మాత్రం వాళ్ళ దగ్గర దొరకదు. మామూలు సైకిల్ ట్యూబు వాల్వు లావు, మన బండ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు తొలిచిన రిమ్ము బొక్కలో పట్టదు. రెండు ట్యూబులు, ప్యాచీలు, గాలి పంపు, ప్రెస్టాకు తగిలించే ఇత్తడి అడాప్టరు తప్పనిసరి. అడాప్టరు ఉంటే ఏ పంక్చరు షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. డిస్క్ బ్రేకు ప్యాడ్లు విశాఖలోనే చూపించుకుని రండి.

కోతల రోజుల్లో రోడ్ల మీద గడ్డి పరుస్తారు. ఒక పరక వెనక గేరు చిన్న పళ్ళచక్రానికి చుట్టుకుంటే పెడల్ బిగుసుకుంటుంది. బలవంతంగా తొక్కితే హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) విరుగుతుంది. ఆగి, పెడల్ వెనక్కి తిప్పి, చేత్తో లాగేయండి. హ్యాంగర్ ఒక్కో బండికి ఒక్కో రకం కాబట్టి మీది మీరే ఒకటి దగ్గర పెట్టుకోండి. ధాన్యం ఆరబోసిన చోట దిగి అంచున నడవండి. అది ఒక కుటుంబం ఏడాది కష్టం.

బసకు అనకాపల్లే సరి. బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలకు, హైవే హోటళ్ళకు మధ్య ఎంచుకోవాలంటే బస్టాండు వైపుకే మొగ్గండి. తెల్లవారగానే ఇడ్లీ దొరుకుతుంది, శారద వంతెన కూడా దగ్గరే. గది తీసుకునే ముందు మూడు అడగండి: కింది అంతస్తులో సైకిల్ లోపల పెట్టుకోనిస్తారా, 5 గంటలకు గేటు తీస్తారా, కడుక్కోవడానికి కుళాయి ఉందా. మూడింటికీ అవునంటే గది కాస్త ఇరుకైనా ఫరవాలేదు. బకెట్టు, మగ్గుతోనే కడగండి. హైవే పక్క బండ్లు కడిగే ప్రెషర్ గన్ బేరింగుల్లోకి నీళ్ళు ఎక్కిస్తుంది. కొత్త అమావాస్య నుంచి నూకాలమ్మ జాతర నెల రోజులు గదులు దొరకవు. ఎలమంచిలిలో కూడా ఉండొచ్చు, అంకుడు కర్ర బొమ్మల ఏటికొప్పాకకు వెళ్ళాలనుకుంటే అదే దగ్గర.

బెల్లం వండే రోజుల్లో గానుగల దగ్గర చెరకు రసం అడిగి తాగొచ్చు. ఐసు వేయనిది తాగండి. ఎండ ముదిరాక చోడంబలిలో (రాగి అంబలిలో) ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగితే ఏ ఎనర్జీ జెల్లూ దానికి సాటి రాదు. సీసా మూతికి కవరు తొడగండి, గేదెలు తిరిగే గట్టు మీద పేడ చింది మూతికే పడుతుంది.

రెండో రోజు మునగపాక, హరిపాలెం మీదుగా కొండకర్ల ఆవ. 20 కిలోమీటర్ల లోపే. తెల్లవారుజామునే బయల్దేరి ఎనిమిదిలోపు చేరితే పక్షులు ఒడ్డుకు దగ్గరగా ఉంటాయి. తాటి మానులు తొలిచి, జతగా కట్టిన దోనెల మీద తామరల మధ్యకు తీసుకెళ్తారు. బరువు ఎటు పడితే అటు ఒరుగుతుంది కాబట్టి కూర్చున్నాక కదలకూడదు. సైకిల్‌ను ఒడ్డున పాకలోనో చెట్టుకో ఆనించి వెళ్ళండి. ఆవ చుట్టూ సైకిల్ మీద తిరిగేద్దామని మాత్రం అనుకోవద్దు. అంచున నేల పైకి పెళ్ళ కట్టి పగుళ్ళిచ్చి ఆరినట్టే ఉంటుంది, చక్రం ఎక్కితే అడుగు కింద నల్లటి ఊబి. ఆ మట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు. తాటి మట్ట ముక్కతో గీకి వదిలించాలి. ఊళ్ళోకి వెళ్ళే గట్టు దారుల మీదే ఉండండి. అక్కడ రాత్రి బసకు అనువు లేదు, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు అచ్యుతాపురం జంక్షను వైపు వెళ్ళకండి. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కంపెనీల బస్సులు, కంటైనర్ లారీలతో సాయంత్రం ఆ రోడ్డు సైకిల్‌కు పనికిరాదు. నాలుగులోపు మునగపాక దాటేస్తే చాలు. జనవరిలో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది, వెనక ఎర్ర లైటు మూడున్నర నుంచే వేసి ఉంచండి.