విజయనగరంలో ఖాళీ ఇల్లు: తాళమేసి ఉంచాలా, అద్దెకివ్వాలా, లీజుకా?

వైజాగ్ లోనో హైదరాబాద్ లోనో సెటిలైపోయిన మనవాళ్ళు ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒకటే, అమ్మానాన్నల ఇల్లు ఊళ్ళో ఖాళీగా పడుంది ఏం చెయ్యమంటావు అని. నన్నే ఎందుకడుగుతారంటే మా ఇంట్లో మేకుకి వేలాడుతున్న నాలుగు తాళాల గుత్తుల్లో మాది ఒక్కటే, మిగతా మూడూ చుట్టాలవి. అమ్మేద్దాం అనుకున్నవాళ్ళు ఇది చదవక్కర్లేదు. భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తే రేటు ఇంకా పెరుగుతాది, అప్పటిదాకా ఉంచుదాం అని కూర్చున్నవాళ్ళ కోసమే రాస్తున్నాను.

తాళమేసి ఉంచేవాళ్ళు చెప్పే కారణం నాకూ అర్థమవుతుంది. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వస్తే దిగడానికి సొంతిల్లు ఉండాలి, లాడ్జిలో దిగితే చుట్టాలు నవ్వుతారు. కానీ దాసన్నపేటలో మా పెద్దనాన్న ఇల్లు చూశాక నా ఆలోచన మారిపోయింది. ఆయన పోయాక పెద్దమ్మ హైదరాబాద్ లో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయింది, ఇల్లు రెండేళ్ళు తాళం. తాళాలు నా దగ్గరే ఉన్నాయి గానీ నిజం చెప్పాలంటే నేనూ ఆర్నెల్లకోసారి గేటు దాకా వెళ్ళి చూసి వచ్చీసేవాడిని, లోపలికెళ్ళింది తక్కువ. పండగకి వస్తున్నాం అని ఫోన్ వస్తే తలుపు తీశాను. వెనక గుమ్మం బయటికి బాగానే కనిపిస్తోంది, రంగు కూడా అలాగే ఉంది, వేలితో నొక్కితే వేలు లోపలికి వెళ్ళిపోయింది, అంతా చెద. మోటార్ జామైపోయింది, వంటింటి గోడ మీద పైనుంచి కిందదాకా చెమ్మ చార. పక్కింటి మామ్మగారు ప్రహరీ మీంచి చూసి "ఏటి బాబూ, బంగారం లాటి ఇల్లు అలా పాడెట్టీసినారు" అంది. గుమ్మం, మోటార్, చెద మందు, సున్నం అన్నీ కలిపి 42 వేలయ్యాయి. ఆ రెండేళ్ళూ ఇంటి పన్ను కట్టారు, మనిషి లేకపోయినా కరెంటు బిల్లు కట్టారు. 2021 నుంచి ఇంటి పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతానికి మించకుండా అయినా పెరుగుతూనే ఉంటుంది. ఖాళీగా ఉన్న ఇంటికి పన్ను తగ్గించమని మున్సిపాలిటీలో వేకెన్సీ రెమిషన్ కి పెట్టుకోవచ్చు, మావాళ్ళు ఎవరూ పెట్టుకోలేదు.

మరి అద్దెకెందుకివ్వరు? డబ్బు అక్కర్లేకనా అంటే కాదు, భయం. నా లెక్కలో మొత్తం విషయం ఇక్కడే తేలిపోతుంది. అద్దెకొచ్చినవాడు ఖాళీ చెయ్యకపోతే, పన్నెండేళ్ళుంటే ఇల్లు వాడిదైపోతుందట కదా, అన్నయ్య కూడా ఇదే అన్నాడు. ఆ పన్నెండేళ్ళ మాట లిమిటేషన్ చట్టం 1963 లోది, నిజమే, కానీ అది ఓనరు హక్కుని ఒప్పుకోకుండా ఇది నాదే అని బాహాటంగా ఉన్నవాడి సంగతి. నెలనెలా మీకు అద్దె కట్టేవాడు మీ అనుమతి మీద ఉన్నట్టు లెక్క, అలా పన్నెండు కాదు ముప్పై ఏళ్ళున్నా వాడు అద్దెకున్నవాడే. కాబట్టి అద్దె చేతికి తీసుకోకండి, అకౌంట్లో వేయించుకోండి, ఆ రికార్డే మీకు కాగితం. నిజానికి పన్నెండేళ్ళకి భయపడాల్సింది తాళమేసినవాళ్ళు, వెనకపక్క స్థలంలోకి ఎవరు కంచె జరిపినా పదేళ్ళ దాకా చూసే నాథుడుండడు.

ఖాళీ చేయించడం తేలిక అని మాత్రం నేను చెప్పను. ఏడాది లోపయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని అందరం 11 నెలల అద్దె అగ్రిమెంటు రాసుకుంటాం గానీ, 1999 సవరణ నుంచి మన రాష్ట్రంలో గడువు ఎంతైనా రిజిస్టర్ చెయ్యాలి. అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే నెలసరి అద్దెకి 15 రోజుల ముందు నోటీసు చాలు, అయినా మొండికేస్తే కోర్టుకెళ్ళాలి, ఏళ్ళు పడుతుంది. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం బదులు మన రాష్ట్రం 2017 లో కొత్త చట్టం చేసింది. కేంద్రం 2021 జూన్ లో మోడల్ టెనెన్సీ యాక్ట్ ఇచ్చింది, అందులో అడ్వాన్స్ రెండు నెలల అద్దెకి మించకూడదు, గడువైపోయాక కూడా కదలకపోతే మొదటి రెండు నెలలు డబుల్ అద్దె, ఆ తర్వాత నాలుగింతలు. అదే చట్టంలో ఓనరు కరెంటూ నీళ్ళూ కట్ చెయ్యకూడదని కూడా ఉంది. మోడల్ అంటే మాదిరే, రాష్ట్రాలు తెచ్చుకున్నంతే. అందుకే నేను ట్రాన్స్ఫర్ ఉద్యోగాలవాళ్ళని చూస్తాను, బ్యాంకువాళ్ళు, నర్సులు, కొత్త మెడికల్ కాలేజీ వచ్చాక అలాంటివాళ్ళు బాగానే దొరుకుతున్నారు. అద్దె 500 తక్కువొచ్చినా పర్లేదు, రెండు మూడేళ్ళకి వాళ్ళంతట వాళ్ళే వెళ్తారు.

లీజు అంటే మనవైపు తెలిసిందే, ఐదు లక్షలు తీసుకుని మూడేళ్ళు ఉండనిచ్చి వెళ్ళేటప్పుడు అదే ఐదు లక్షలు తిరిగివ్వడం. పిల్ల పెళ్ళికో ఫీజులకో డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. మూడేళ్ళయ్యాక ఆ డబ్బు ఉండదు, ఇంకో లీజుదారుడు దొరికేదాకా పాతవాణ్ణి కదలమని అనలేరు. పైగా చాలామంది రిజిస్టర్ చెయ్యరు. నేనైతే వద్దంటాను. హాస్టల్ కి ఇవ్వడం ఇంకోటి, బాత్రూములు చూసుకునే ఓపికుంటే ఇచ్చుకోండి.

ప్రభుత్వం మాట కూడా ఒకటి. 2011 జనాభా లెక్కల్లోనే దేశం మొత్తం పట్టణాల్లో 1.11 కోట్ల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయని తేలింది, మనకి మాత్రం పథకం అంటే కొత్త ఇల్లు కట్టివ్వడమే. మా ఇంట్లో పనిచేసే అప్పకి గుంకలాం లేఅవుట్లో సెంటు స్థలం వచ్చింది, 12 వేల పైచిలుకు ప్లాట్ల లేఅవుట్ అది, ప్రభుత్వం ఇచ్చిన లక్షా ఎనభై వేలు చాలక పైన అప్పు చేసి ఇల్లు కట్టింది, దానికి తాళమేసీసి ఊళ్ళో మూడు వేల అద్దెకుంటోంది. పొద్దున్న ఆరింటికి నాలుగిళ్ళల్లో గిన్నెలు తోమాలి, అక్కణ్ణుంచి రోజూ ఆటోకి ఎంతవుతుంది మరి. అంటే పెద్దమ్మదీ తాళమే, ఈవిడదీ తాళమే. కరోనా లాక్‌డౌన్లో వలసకూలీలు నడిచి వెళ్ళిపోయాక 2020 జూలైలో కట్టి ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్ళని అద్దెకివ్వాలని కేంద్రం పథకం పెట్టింది, ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) 2.0 లోనూ అద్దె ఇళ్ళకి వేరే భాగం ఉంది. మన ఊళ్ళో ఇళ్ళ పథకం గురించి మాట్లాడినప్పుడు పట్టా గురించి తప్ప అద్దె గురించి ఎవరూ అడగడం నేను వినలేదు.

పెద్దనాన్న ఇల్లు చివరికి ఒక స్టాఫ్ నర్సు కుటుంబానికి ఇచ్చాం, 6,500, రెండు నెలల అడ్వాన్స్. ముందు గది ఒక్కటి మావాళ్ళకే, దానికి వేరే తాళం, ఆ సంగతి అగ్రిమెంటులోనే రాయించాను. మొన్న సిరిమానుకి పెద్దమ్మ వచ్చి ఆ గదిలోనే పడుకుంది, పొద్దున్నే ఆ నర్సమ్మ కాఫీ ఇచ్చిందట. పెద్దమ్మకి కాఫీ నచ్చింది గానీ దేవుడి గదిలో గోడకి మేకు కొట్టారని సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది.