బెంగళూరులో ఎడ్యుకేషన్ ఎమ్మే: ఫీల్డ్‌వర్క్ కోసమైతే మళ్లీ చేరతాను

సిలబస్, ఫీజు, క్యాంపస్ ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. చదువు ముగిసి ఉద్యోగంలో పడ్డాక కూడా ఆ రెండేళ్లలో నాకు రోజూ అక్కరకొస్తున్నది ఫీల్డ్‌వర్క్ ఒక్కటే. దానికోసమైతే మళ్లీ చేరమన్నా చేరతాను.

నాకు ఆనేకల్ వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పడింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, వాటి పక్కనే కూలీల రేకుల షెడ్లు. ఆ షెడ్ల పిల్లల్లో రాయచూరు, కలబురగి వాళ్లతోపాటు మన ఆదోని, ఎమ్మిగనూరు వైపువాళ్లూ ఉన్నారు. యూడైస్ లెక్కలు, అంటే బడులు, పిల్లల గురించి ప్రభుత్వం ఏటా తీసుకునే లెక్కలు, బడిలో ఎలా తయారవుతాయో చూడటం నా పని. ఒకప్పుడు సెప్టెంబరు 30 నాటికి ఎంతమంది ఉన్నారో లెక్కకట్టి పంపేవారు. 2022-23 నుంచి ప్రతి పిల్లనీ పేరుపేరునా ఆన్‌లైన్‌లో ఎక్కించాలి.

నాలుగో తరగతిలో ఆదోని వైపు పిల్లాడు ఒకడు రోజూ బడికి వస్తున్నాడు, పేరు మాత్రం ఎక్కట్లేదు. వాడి సొంతూరి బడివాళ్లు పేరు తీసి డ్రాప్‌బాక్స్‌లో (బడి వదిలిన పిల్లల పేర్లుండే ఆన్‌లైన్ జాబితా) పెడితేగానీ ఇక్కడివాళ్లు తీసుకోలేరు. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ నా చేతిలో పెట్టి, "మీరు తెలుగువాళ్లే కదా మేడమ్, మీరే మాట్లాడండి" అన్నారు.

అవతలి హెడ్మాస్టరు గారు విసుక్కోలేదు. "అమ్మా, వాళ్లు సంక్రాంతికి వస్తారు, మళ్లా ఈడే చేర్చల్ల. ఇప్పుడు పేరు తీసేస్తే మా స్ట్రెంత్ తగ్గిపోతాది, ఒక పోస్టు పోతాది. ఉండేదే ముగ్గురం" అన్నారు.

బడి మారే పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతుంది. అదే చట్టం షెడ్యూల్‌లో ప్రైమరీకి 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి ముగ్గురు అని ఉంటుంది. రెండూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అవి ఒకదాని కాలు ఒకటి తొక్కుతాయని ఆ ఫోన్‌లో తెలిసింది. సెక్షన్ నంబర్లు చదివితే ఆయన వినేవారు కాదు. పిల్లాడి నాన్నతో మాట్లాడించాం. ఈ ఏడంతా ఇక్కడే పని అని అతను చెప్పాక కొన్నాళ్లకు పేరు వచ్చింది. అప్పటిదాకా వాడు ఆనేకల్‌లో కూర్చుని అన్నం తింటూ, లెక్కల్లో మాత్రం ఆదోని దగ్గర చదువుతున్నాడు!

ఇలాంటి బడి అందరికీ పడదు. నా క్లాస్‌మేట్ ఒకతన్ని ఒక సంస్థ ఆఫీసులో వేశారు. పాత సర్వే ఫారాలు ఎక్సెల్‌లో ఎక్కించడంతోనే అతని ఫీల్డ్‌వర్క్ అయిపోయింది. మార్కులు మా ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. ఇక నా రిపోర్టులో ఆ ఫోన్ సంగతి పేజీ నిండా రాస్తే, అది కథలా ఉందని గైడ్ కొట్టేశారు. దాని బదులు థియరీ పెట్టమన్నారు, పెట్టాను. ఆ కోపం ఇంకా ఉంది.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్ రీడింగ్‌లు నిజంగా టెన్షనే. నేను ప్రైవేటు స్కూల్లో కొన్నేళ్లు పాఠాలు చెప్పి వెళ్లాను కాబట్టి, చదివింది ఎక్కడ తగిలించుకోవాలో తెలిసేది. డిగ్రీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు నాకన్నా బాగా రాసేవారు గానీ, సగం మంది మధ్యలోనే విసిగిపోయారు.

డీఎస్సీ ఆశ ఉంటే ఈ డిగ్రీ మీకు అక్కర్లేదు. టీచర్ పోస్టుకు ఇది బీఈడీకి సాటిరాదు, టెట్ ఎలాగూ రాయాలి. ఎన్జీవోల్లో ఉద్యోగాలు వస్తాయి, జీతం మాత్రం బెంగళూరు అద్దెలకు చాలీచాలనట్టే. మా ఆయన ఉద్యోగం ఇక్కడే కాబట్టి నాకు హాస్టల్ ఖర్చు లేదు, ఫీజులో కొంత స్కాలర్‌షిప్‌తో తీరింది. అప్పు చేసి చేరాల్సి వస్తే మాత్రం నేను వెనకాడేదాన్నే.

ఈమధ్య ఫీల్డ్‌వర్క్ వారాలు తగ్గించారని జూనియర్లు అంటున్నారు. చేరేముందు ఆ ఒక్కటీ కనుక్కోండి. నిజంగానే తగ్గించి ఉంటే పైన నేను చెప్పిన మెప్పులో చాలావరకు మీకు వర్తించదు.