ఆవిరి, గ్యాస్, ప్లాస్మా: ఆపరేషన్ పరికరాలకు ఏది మేలు?

స్టెరిలైజేషన్ మెషీన్ కొనాలన్న మాట రాగానే ఎవరైనా ముందు అడిగేది ఒకటే: "వీటిలో క్రిములను ఏది బాగా చంపుతుంది?" ఈ ప్రశ్నతో ఏమీ తేలదు. సరిగ్గా నడిపితే ఆటోక్లేవ్ (ప్రెషర్ కుక్కర్‌లాంటి మెషీన్) ఆవిరీ చంపుతుంది, ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసూ చంపుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా కూడా చంపుతుంది. మూడింటికీ పెట్టిన గీత కూడా ఒకటే. పది లక్షల పరికరాలను స్టెరిలైజ్ చేస్తే, బతికున్న క్రిమి ఒకదాని మీదకు మించి మిగిలే అవకాశం ఉండకూడదు. తేడా వేరే మూడు చోట్ల ఉంది. పరికరం ఆ పద్ధతిని తట్టుకుంటుందా? ఆవిరైనా గ్యాసైనా పరికరం మూలమూలకూ చేరుతుందా? చేరకపోతే ఆ సంగతి మనకు తెలుస్తుందా? మూడో ప్రశ్నను పట్టించుకునేవాళ్లు తక్కువ. నన్నడిగితే అసలు లెక్క తేలేది అక్కడే.

ముందు ఆవిరి సంగతి. శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసిన ఛార్లెస్ ఛాంబర్లాండ్ 1879లో ఆటోక్లేవ్ తయారుచేశాడు. మెషీన్లు ఎంత మారినా సూత్రం అదే. క్రిములను ఒత్తిడి చంపుతుందని చాలామంది అనుకుంటారు. ఒత్తిడి చేసేది నీటి ఆవిరిని 100 డిగ్రీలు దాటించడమే, చంపేది తడి వేడి. ఓవెన్ తలుపు తీసినప్పుడు 180 డిగ్రీల గాలి చేతికి తగిలినా చటుక్కున లాక్కుంటే ఏమీ కాదు, అదే కుక్కర్ ఆవిరి ఒక్క క్షణం తగిలితే బొబ్బ లేస్తుంది. చల్లటి స్టీలుకు తగిలి నీరుగా మారేటప్పుడు ఆవిరి గ్రాముకు సుమారు 2,200 జౌళ్ల వేడిని అక్కడికక్కడే వదిలేస్తుంది. ఆ తడివేడికి క్రిమిలోని ప్రొటీన్లు గడ్డకట్టిపోతాయి. 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరి నేరుగా తాకితే 15 నిమిషాలు చాలు. అదే పని పొడి వేడితో చేయాలంటే 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పడుతుంది.

ఆవిరికి శత్రువు గాలి. ప్యాక్ మధ్యలో గాలి చిక్కుకుపోతే అక్కడికి ఆవిరి వెళ్లదు. చుట్టూ 134 డిగ్రీలు ఉన్నా ఆ గాలి బుడగలో ఉన్న కత్తెర మాత్రం సరిగ్గా వేడెక్కదు. పాతకాలపు మెషీన్లలో ఆవిరి పైనుంచి వచ్చి, బరువైన గాలిని కిందికి నెట్టి డ్రెయిన్ గుండా బయటకు పంపుతుంది. దీంతో టైమ్ ఎక్కువ పడుతుంది, సన్నటి గొట్టాల్లోంచి గాలి సరిగ్గా పోదు కూడా. వ్యాక్యూమ్ పంపు ఉన్న మెషీన్లు ముందే గాలిని లాగేసి, ఆ తర్వాత ఆవిరిని వదులుతాయి. అలాంటివాటిలో 134 డిగ్రీల దగ్గర 3, 4 నిమిషాలు ఉంచితే చాలు.

ఇక్కడే ఆవిరిలో నాకు బాగా నచ్చే గుణం బయటపడుతుంది. స్వచ్ఛమైన ఆవిరికి ఒక్కో ఒత్తిడి దగ్గర ఒకే ఉష్ణోగ్రత ఉంటుంది. 121 డిగ్రీలంటే సుమారు 2 బార్లు (బార్ అంటే ఒత్తిడి కొలత), 134 అంటే సుమారు 3 బార్లు, వాతావరణ పీడనంతో కలిపి లెక్కేస్తే. గేజ్ మీద ఒత్తిడి పూర్తిగా ఉండి, ఉష్ణోగ్రత మాత్రం రెండు మూడు డిగ్రీలు తక్కువగా కనిపిస్తోందంటే లోపల గాలి కలిసిందేమోనని అనుమానించాలి. అంటే తప్పు ఎక్కడ జరిగిందో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే పసిగట్టొచ్చు. మిగతా రెండు పద్ధతులకూ ఈ సౌకర్యం లేదు.

గేజ్ కంటికి దొరకని గాలి కోసం బోవీ-డిక్ పరీక్ష ఉంది. ఇది 1963 నాటిది. వ్యాక్యూమ్ ఆటోక్లేవ్‌లో రోజూ పొద్దున్నే, మొదటి లోడ్ పెట్టకముందే, ఖాళీ ఛాంబర్‌లో ఒక ప్యాక్ పెడతారు. దాని మధ్యలో రసాయనం పూసిన కాగితం ఉంటుంది. 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాల సైకిల్ అయ్యాక తీసి చూస్తారు. కాగితం అంచు నుంచి నడిమధ్య దాకా ఒకే రంగుకు మారితే సరే. మధ్యలో వెలిసినట్టు ఒక మచ్చ కనిపించిందంటే ఆవిరి అక్కడికి చేరలేదన్నమాట. ఆరోజు ఆ మెషీన్‌లో లోడ్ పెట్టకూడదు, టెక్నీషియన్‌ను పిలవాల్సిందే. "కొంచెమేగా, ఇంకో సైకిల్ వేసి చూద్దాం" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతికి తాళం ఇవ్వకూడదు.

ఆవిరికి లోపాలు లేకపోలేదు. మామూలు కార్బన్ స్టీలు తుప్పు పడుతుంది, సన్నటి అంచులు మొద్దుబారతాయి. కెమెరా లెన్సులు, బ్యాటరీలు, చాలా రకాల ప్లాస్టిక్‌లు ఆ వేడికి ఆగవు. నూనెల్లోకి, పొడుల్లోకి ఆవిరి చొరబడలేదు, వాటికి పొడి వేడే గతి. ఇంకొకటి తడి ప్యాక్. సైకిల్ అయ్యాక ప్యాక్ లోపల నీటి చుక్కలు కనిపిస్తే, రిపోర్టులో అన్నీ బాగున్నా దాన్ని స్టెరైల్ కింద లెక్కేయరు, ఎందుకంటే తడిసిన గుడ్డలోంచి క్రిములు లోపలికి పాకగలవు. లోడ్ సర్దేటప్పుడే గిన్నెలు పక్కకు వాల్చి, కత్తెరలు తెరిచి పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

వేడికి ఆగనివాటికి దశాబ్దాలుగా దిక్కు ఇథిలీన్ ఆక్సైడ్. వాడేవాళ్లు ఈటీఓ అంటారు. ఇది క్రిముల డీఎన్ఏకూ ప్రొటీన్లకూ అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. చొచ్చుకుపోవడంలో దీనికి సాటి లేదు. అట్టపెట్టెలోంచి, ప్లాస్టిక్ కవర్లోంచి, మీటరు పొడవున్న సన్నటి గొట్టం చివరి దాకా వెళ్తుంది. 37 నుంచి 63 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది కాబట్టి ఏ ప్లాస్టిక్కూ కరగదు.

దీనితో వచ్చే ఇబ్బంది అంతా ఆ తర్వాతే. గ్యాస్‌లో ఉంచేది 1 నుంచి 6 గంటలు. ప్లాస్టిక్, రబ్బరు ఈ గ్యాస్‌ను పీల్చుకుంటాయి కాబట్టి, అది బయటకు పోవడానికి వేడిగాలిలో 60 డిగ్రీల దగ్గర 8 గంటలు, 50 డిగ్రీలైతే 12 గంటలు ఉంచాలి. తొందరపడి ముందే తీస్తే మిగిలిన గ్యాస్ రోగి కణజాలాన్ని కాలుస్తుంది. పొద్దున పెట్టిన ట్యూబు మళ్లీ చేతికొచ్చేసరికి రాత్రి అవుతుంది. ఒకటే సెట్ ఉన్నచోట ఇది పెద్ద టెన్షన్.

ఇక పనిచేసేవాళ్ల సంగతి. ఈటీఓ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1994లోనే మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా నిబంధన ప్రకారం 8 గంటల పనిలో గాలిలో సగటున పది లక్షల భాగాలకు 1 భాగం మించకూడదు. మన ముక్కు మాత్రం ఆ మోతాదు వందల రెట్లు దాటితేగానీ వాసన పట్టలేదు. కాబట్టి వాసన వచ్చిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. గోడకు బిగించిన డిటెక్టర్ లేకుండా ఈటీఓ నడపడమంటే కళ్లు మూసుకుని నడపడమే. దీనికి తోడు, గాలిలో 3 శాతం దగ్గర పడగానే నిప్పు అంటుకుంటుంది. అందుకే ఇప్పటి మెషీన్లు ఒక్క సైకిల్‌కు సరిపడే గ్యాస్ డబ్బాను, తలుపు మూసి గాలి లాగేశాకే, లోపలే గుచ్చుతాయి. ఛాంబర్‌లో ఒత్తిడి బయటకన్నా తక్కువగా ఉంచుతారు, లీకైతే గాలి లోపలికి వెళ్తుందే తప్ప గ్యాస్ బయటకు రాదు. ఇంత జాగ్రత్త కావాల్సిన వస్తువును, వేరే ఎగ్జాస్ట్ లేని గదిలో ఒక మూలన పెట్టి నడపడం నాకు ఏ లెక్కన చూసినా తప్పే.

మూడోది హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా. 1990ల మొదట్లో ఆసుపత్రుల్లోకి వచ్చింది. పేరు ప్లాస్మాదే (కరెంటు శక్తితో వెలిగే వాయువు) అయినా చంపే పని ఎక్కువగా చేసేది ఆవిరైన పెరాక్సైడే. సైకిల్ చివర్లో వెలిగే ప్లాస్మా మిగిలిన పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. దాంతో గంటల తరబడి గాలికి పెట్టాల్సిన పని ఉండదు. 50 డిగ్రీల అటూఇటూగా, మోడల్‌ను బట్టి అరగంట నుంచి గంటంపావు లోపు సైకిల్ అయిపోతుంది, తీసి నేరుగా వాడుకోవచ్చు. కెమెరా తలలు, లైట్ కేబుళ్లు, బ్యాటరీతో నడిచే డ్రిల్లులు ఉన్న ఆపరేషన్ థియేటర్‌కు ఇది నిజంగా వరమే.

కాకపోతే ఇదొక సుకుమారి. నూలు గుడ్డ, కాగితం, దూది పెట్టకూడదు, అవి పెరాక్సైడ్‌ను పీల్చేసుకుంటాయి. ప్యాకింగుకు పాలీప్రొపిలీన్ చుట్టో, టైవెక్ (కాగితంలా కనిపించే ప్లాస్టిక్) కవరో వాడాలి. ద్రవాలు, పొడులు అసలే కుదరవు. పరికరం మీద కాస్త తడి ఉన్నా వ్యాక్యూమ్ పట్టక మెషీన్ మధ్యలోనే సైకిల్ ఆపేస్తుంది. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి గొట్టాలు. ఫలానా మెషీన్‌లో లోపలి వ్యాసం ఇంత ఉంటే పొడవు ఇంతకు మించకూడదని కంపెనీ పట్టిక ఇస్తుంది. ఆ హద్దు దాటిన పరికరం పెడితే మెషీన్ అభ్యంతరం చెప్పదు, సైకిల్ పూర్తయిందని పచ్చలైటు కూడా వెలిగిస్తుంది. గొట్టం మధ్యలో ఏం జరిగిందో ఆ లైటుకు తెలియదు. ఇంకో జాగ్రత్త, ఈ మెషీన్లలో వాడే ద్రావణం 60 శాతం దాకా గాఢత గలది. మందుల షాపులో దొరికే 3 శాతం సీసాతో పోల్చకండి, చేతొడుగులు లేకుండా ముట్టుకుంటే చర్మం తెల్లబడి కాలుతుంది.

ఫ్యాక్టరీలో వాడే గామా కిరణాల ఊసు కూడా కొందరు తెస్తారు. కోబాల్ట్-60 నుంచి 25 కిలోగ్రేల మోతాదు ఇచ్చి సిరంజిలు, గ్లవ్స్ స్టెరిలైజ్ చేస్తారు. వస్తువులో రేడియోధార్మికత ఏమీ మిగలదు. అది ఆసుపత్రి ఎంచుకునే పద్ధతి కాదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. అలాగే 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచడం: స్పోర్లు, అంటే కొన్ని బ్యాక్టీరియాలు గట్టి పెంకులో దాక్కున్న రూపం, చావాలంటే అందులో 10 గంటలు నానాలి. పైగా ప్యాక్ చేయలేం, తీసి కడిగి వెంటనే వాడాలి. అల్ట్రావయొలెట్ పెట్టెలు నీడ పడినచోట పనిచేయవు. మరిగే నీళ్లను నమ్ముకోలేం, 100 డిగ్రీలకు స్పోర్లన్నీ చావవు.

చేరిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్యాక్ మీది టేపుకు నల్ల చారలు రాగానే స్టెరైల్ అయిపోయిందనుకుంటారు. ఆ టేపు చెప్పేది ప్యాక్ మెషీన్‌లోకి వెళ్లొచ్చిందనే, అంతకు మించి ఏమీ కాదు. ప్యాక్ లోపల పెట్టే ఇండికేటర్ (రంగు మారే కాగితం) ఇంకాస్త ఎక్కువ చెబుతుంది. గట్టి సాక్ష్యం స్పోర్ పరీక్షది, అంటే లోడ్‌తో పాటు స్పోర్లను పెట్టి అవి చచ్చాయో లేదో చూడడం. ఆవిరికి, పెరాక్సైడ్‌కు జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్లు, ఈటీఓకు బాసిల్లస్ అట్రోఫియస్ స్పోర్లు వాడతారు. ఏ పద్ధతికి ఏది మొండిగా నిలబడుతుందో దాన్నే పెడతారన్నమాట. ఫలితానికి ఒకప్పుడు ఒకటి రెండు రోజులు ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు గంటలోపే చెప్పే కిట్లు ఉన్నాయి. శరీరంలో అమర్చే ఇంప్లాంట్లున్న లోడ్‌ను మాత్రం ఈ ఫలితం రాకుండా వదలకూడదు.

ఈటీఓలో గ్యాస్ గాఢత, తేమ, వేడి, సమయం నాలుగూ కుదరాలి, అదీ ఛాంబర్‌లో కాదు, ప్యాక్ లోపల. పెరాక్సైడ్‌కు గాఢత తగ్గకపోవడం, తడి లేకపోవడం రెండూ ప్రాణం. పరికరం సరిగ్గా కడగకపోతే ఈ రెండు పద్ధతులూ ఆవిరికన్నా త్వరగా ఓడిపోతాయి. ఎండిన రక్తం, ఉప్పు స్ఫటికాలు స్పోర్లకు కవచంలా మారి గ్యాస్‌ను దగ్గరకు రానివ్వవు. అలాగని మురికి పరికరాన్ని ఆవిరిలో పెట్టొచ్చని కాదు, ఆవిరి పొరపాట్లను కాస్త ఎక్కువ సహిస్తుంది, అంతే.

నా తీర్పు ఇది. ఆవిరిని తట్టుకునే ప్రతి వస్తువుకూ ఆవిరే, అందులో చర్చ లేదు. స్టీలు సెట్లు, గుడ్డలు, గిన్నెలు ప్లాస్మాలోకి పంపడం డబ్బు దండగ. "కొత్త టెక్నాలజీ కదా" అని ఆటోక్లేవ్ తీసేసి ప్లాస్మా పెట్టాలనుకోవడం మరీ అన్యాయం. రెండో మెషీన్ ఒక్కటే కొనగలిగితే ప్లాస్మా తీసుకోవాలి, దాని హద్దుల్లో ఇమడని పొడవాటి ట్యూబులను ఫ్యాక్టరీలోనే స్టెరిలైజ్ అయి వచ్చే సింగిల్ యూజ్ రకంలో కొనుక్కోవాలి. అలాంటి ట్యూబులు మళ్లీ మళ్లీ వాడక తప్పని చోట, వేరే గది, బయటకు పోయే ఎగ్జాస్ట్, డిటెక్టర్, రాత్రంతా ఆగగలిగే ఓపిక నాలుగూ ఉంటేనే ఈటీఓ. ఆ నాలుగులో ఒక్కటి లేకపోయినా వద్దు.

ప్లాస్మా సేల్స్‌మన్ వచ్చేలోపు మీ దగ్గరున్న ప్రతి గొట్టం లోపలి వ్యాసం, పొడవు, ఏ పదార్థంతో చేసిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక్కో పరికరం పక్కన దాని తయారీదారు ఏ పద్ధతికి ఒప్పుకున్నాడో కూడా రాయండి. మెషీన్ డెమో చూడకముందే ఆ కాగితం ఆయన ముందు పెట్టి, వీటిలో ఏవేవి కుదరవో సంతకంతో సహా రాసివ్వమనండి.