చెన్నపట్నంలో పాత కట్టడాలు చూడాలంటే ఎగ్మోర్‌లోనే దిగండి

చెన్నై అనగానే మనవాళ్లు టి.నగర్‌లో రూమ్ తీసుకుంటారు. పెళ్లి చీరలకైతే సరే గానీ, బ్రిటిష్ కాలం నాటి బిల్డింగులు చూసే ఉద్దేశం ఉంటే ఎగ్మోర్ స్టేషన్ ఎదుటి సందుల్లో దిగడం మేలు. మేం దిగిన లాడ్జి గొప్పదేం కాదు, ఏసీ గదికి 1,800, దుప్పట్లు శుభ్రమే, వేడినీళ్లు మాత్రం పొద్దున కాసేపే. అయినా సెంట్రల్‌కి మెట్రోలో ఒక్క స్టేషన్, మ్యూజియానికి నడక చాలు. ఆ కాస్త దూరానికే ఆటో అతను 250 అడిగాడు, మెట్రోయే నయం.

సెంట్రల్ పక్కనే రిప్పన్ బిల్డింగ్. 1913లో తెరిచారట, అప్పట్లో ఏడున్నర లక్షలు అయ్యిందట, ఇప్పటికీ కార్పొరేషన్ ఆఫీసు అందులోనే. అంతా తెలుపు, అందుకే మిట్టమధ్యాహ్నం చూడలేం, ఫోటోలూ తేలిపోతాయి, లైట్లు వేశాక వెళ్తేనే దాని అందం. దాన్ని ఆనుకునే ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాల్ ఉంటుంది, రైలు దిగిన జనం దానివైపు తల కూడా తిప్పరు. తెలుగువాళ్లం మనమైనా ఆగాలి కదా, 1883లో దానికి శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారే మరి!

నాకు అన్నిటికన్నా నచ్చింది హైకోర్టు. 1892 నాటిది, ఎర్రటి గోడలు, గుమ్మటాలు, ఎటు చూసినా చెక్కడాలే. ఓ గుమ్మటం మీద ఏకంగా లైట్‌హౌస్ పెట్టారు, 1894 నుంచి 1977 దాకా ఓడలకు దారి చూపింది అదే. 1914లో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ ఊరి మీద ఫిరంగి గుండ్లు పేల్చినప్పుడు ఒకటి ఈ ప్రహరీకీ తగిలింది, దాని గుర్తుగా ఫలకం ఉంది. సెంట్రల్ తర్వాతి మెట్రో స్టేషనే గనుక వెళ్లడం తేలిక, కానీ రోజూ కేసులు నడిచే కోర్టు, లోపలంతా తిరిగి చూద్దామని ఆశ పెట్టుకోకండి. పనిదినాల్లో ఆ రోడ్డు మీద లాయర్లూ తోపుడు బళ్లూ కలిసి కాలు పెట్టనివ్వరు, ఆదివారం పొద్దున అయితే బయటనుంచి తీరిగ్గా చూడొచ్చు.

హైకోర్టు కట్టిన హెన్రీ ఇర్విన్ పనితనమే ఎగ్మోర్ మ్యూజియం ఆవరణలోనూ కనిపిస్తుంది, 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ కూడా అక్కడే. అసలు మన అమరావతి శిల్పాలు బోలెడు ఈ మ్యూజియంలోనే ఉన్నాయి, వాటికే పూట పడుతుంది. పిల్లలతో వెళ్తే హైకోర్టు వదిలేసినా ఇది వదలొద్దు. శుక్రవారం మాత్రం సెలవు, చూసుకుని టికెట్లు చేయించుకోండి.