క్యారవాన్‌లో మురుగు కంపు: సిలికాన్ ట్రాప్ ఆరు నెలలు వాడాక

మా క్యారవాన్ బాత్రూమ్ జాలీలో పెట్టిన సిలికాన్ ట్రాప్ గురించి రాస్తున్నాను. నీళ్లు నిలవకపోయినా వాసన ఆపుతుందని అమ్ముతారు చూడండి, అదే. నాకు రూ.280 పడింది, పెట్టి ఆరు నెలలైంది. చెయ్యాల్సిన ఒక్క పని బాగా చేస్తోంది. కానీ ప్యాకెట్ మీద రాసినట్టు బండిలో కంపంతా దీనితోనే పోదు. మా బండిలో కంపు మూడు చోట్ల నుంచి వచ్చేది, ఇది మూసింది అందులో ఒక్క చోటుని మాత్రమే. ఆ మూడూ దొరకడానికి రెండు నెలలు పట్టింది, ఈలోపు అనవసరంగా చాలా డబ్బు పోశాం. అందుకే ట్రాప్ గురించి మాత్రమే రాసి వదిలెయ్యకుండా మొత్తం రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. నాన్నకి షుగర్, పైగా మోకాళ్ల నొప్పులు. గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి, దారిలో బంకుల దగ్గర ఉండే ఇండియన్ లెట్రిన్ మీద కూర్చోలేరు. అలా నాలుగేళ్లు ఎక్కడికీ రాలేదు ఆయన. అందుకని తమ్ముడూ నేనూ చెరి సగం వేసుకుని, ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ మీద కట్టిన క్యారవాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. చిన్న బాత్రూమ్, కాలితో పెడల్ నొక్కితే కింద ట్యాంకులోకి పోయే కమోడ్, వంటకి సింకు, కింద రెండు ట్యాంకులు. ఒకటి లెట్రిన్‌ది, ఇంకొకటి స్నానం నీళ్లకీ గిన్నెలు కడిగిన నీళ్లకీ. మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

ఏప్రిల్‌లో ఎస్.కోట మీదుగా అరకు వెళ్లాం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చల్లగా ఉందని కిటికీలు తీశాం, అంతే, కుళ్లిన గుడ్ల కంపు. వెనక మంచం మీద పడుకున్న నాన్న, తన వల్లే అనుకుని, "నేను సరిగ్గా ఫ్లష్ కొట్టలేదేమోరా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. తిరిగొచ్చేదాకా ఆయన బాత్రూమ్‌కి వెళ్లడం తగ్గించుకోడానికి నీళ్లు తాగడం మానేశారు. షుగర్ ఉన్న మనిషి, ఎండాకాలం. కంపు అంటే అదొక చిరాకు అనుకుంటాం గానీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అది అంతకన్నా పెద్ద విషయం.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పి ముందుకెళ్తాను. బండిలో గ్యాస్ పొయ్యి ఉంటే, కుళ్లిన వాసన రాగానే ముందు అనుమానించాల్సింది సిలిండర్‌ని. వంట గ్యాస్‌కి దానంతట అదిగా వాసన ఉండదు, లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే మందు కలుపుతారు, ఆ వాసన కుళ్లిన క్యాబేజీలా ఉంటుంది, మురుగు వాసన అని పొరబడటం చాలా తేలిక. గ్యాస్ గాలికన్నా బరువు, కింద గచ్చు మీదే నిలుస్తుంది. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి, వాసన పూర్తిగా పోయాక, పొయ్యి ఆపే ఉంచి రెగ్యులేటర్ తిప్పి, సబ్బు నురగ పైపు జాయింట్ల మీద రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అది తేలేదాకా అగరుబత్తి వెలిగించొద్దు, కర్పూరం వద్దు, ఏదీ వద్దు. మేం చూశాం, మాది గ్యాస్ కాదు.

బండి అమ్మినాయనకి ఫోన్ చేస్తే "ట్యాంకులో కెమికల్ పోయండి" అన్నాడు. పోశాం. ఆ నీలం ద్రవం బాటిళ్లు మూడు అయిపోయాయి. ఫినాయిల్ పోశాం. అమ్మ కర్పూరం బిళ్లలు గుడ్డలో కట్టి బాత్రూమ్‌లో వేలాడదీసింది. రెండు రోజులు కర్పూరమూ కంపూ కలిసి కొట్టేవి. ఆ నీలం ద్రవం పనికిరానిదని నేను అనను, ట్యాంకు లోపల దాని పని అది చేస్తుంది, కానీ ట్యాంకులో గాలి బండిలోకి రావడానికి దారి ఉన్నంత కాలం ఎంత పోసినా వస్తూనే ఉంటుంది. ఆ సంగతి మాకు అప్పుడు తెలీదు. ఇంకో హెచ్చరిక, టాయిలెట్ కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకే ట్యాంకులో వెయ్యొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అంత చిన్న గదిలో అది ప్రాణం మీదకి తెస్తుంది.

చివరికి విజయనగరంలో మా పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు, మూడు లాంతర్ల దగ్గర ఒక సామాన్ల షాపులో అడిగితే ప్లంబర్‌ని పంపించారు. ఇళ్లకి పని చేసే మేస్త్రే, క్యారవాన్ ఎప్పుడూ చూడలేదు. లోపలికి వచ్చి ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా నిలబడి, ఎప్పుడు వస్తుంది, నడిచేటప్పుడా ఆగినప్పుడా, కిటికీ తీస్తేనా మూస్తేనా, ఫ్లష్ కొట్టాకా ముందా అని అడిగాడు. మమ్మల్ని అప్పటిదాకా ఎవరూ ఇవి అడగలేదు. తర్వాత జాలీలోకి టార్చ్ కొట్టి చూసి, "నీల్లేవమ్మా? ఎండిపోనాయి. ఊరెల్లొచ్చినాక ఇంట్లో బాత్రూమ్ కంపు కొట్టదా ఏటి? ఇదీ అదే" అన్నాడు.

ట్రాప్ అంటే వంకర తిరిగిన పైపు ముక్క. ఆ వంకరలో రెండంగుళాల నీళ్లు నిలబడి, ట్యాంకు గాలిని పైకి రానివ్వకుండా ఆపుతాయి. ఇంట్లో రోజూ స్నానాలు చేస్తాం కాబట్టి అవి ఎండవు. క్యారవాన్‌లో గచ్చు కింద జాగా తక్కువ, ట్రాప్ లోతూ తక్కువ. మూడు వారాలు ఎండలో నిలబెడితే ఆవిరైపోతాయి, ఘాట్ రోడ్డు మలుపుల్లో అయితే చిందిపోతాయి. కిటికీ తీసి బండి నడుపుతుంటే పక్కనుంచి పోయే గాలి లోపలి గాలిని లాగేస్తుంది, ఆ ఖాళీ నింపుకోడానికి ఎక్కడ కన్నం ఉంటే అక్కణ్నుంచి గాలి వస్తుంది. మాకు ఆ కన్నం ఎండిపోయిన జాలీ. కిటికీ తీస్తే కంపు తగ్గాలి గానీ పెరగడమేంటని మేం తల బద్దలు కొట్టుకున్నాం, కారణం ఇదీ.

అక్కడే మేస్త్రి ఈ సిలికాన్ ట్రాప్ గురించి చెప్పాడు. చూడటానికి చిన్న గరాటులా ఉంటుంది, కింద మెత్తటి సిలికాన్ పెదవులు రెండు ఆనుకుని ఉంటాయి. పైనుంచి నీళ్లు పడితే ఆ బరువుకి తెరుచుకుంటాయి, నీళ్లు పోయాక మళ్లీ ఆనుకుంటాయి. నీళ్లతో పని లేదు కాబట్టి ఎండదు, చిందదు. బయటి దేశాల్లో ఇలాంటి పొర ఉన్న ట్రాప్‌లు హెప్‌వో అనే పేరుతో ఆర్‌వీలలో, అంటే మన క్యారవాన్ లాంటి బండ్లలో, బిగిస్తారు, మనకి ఇక్కడ దొరికేది జాలీలోకి దించే చవక రకం.

ఆరు నెలల్లో ఆ జాలీ నుంచి మళ్లీ వాసన రాలేదు. వర్షాకాలంలో బండి ఇరవై రోజులు కదలకుండా ఉంది, తలుపు తీసినప్పుడు మూసిన గది వాసన తప్ప మురుగు లేదు. బొద్దింకలు పైకి రావడం కూడా ఆగింది, అది నేను అనుకోనిది. ఇక లోపాలు. నీళ్లు నెమ్మదిగా పోతాయి, షవర్ గట్టిగా తిప్పితే మడమల దాకా నిలుస్తాయి, నాన్న లాంటివాళ్లకి అది జారే ప్రమాదం, అందుకే మేం ఇప్పుడు చెంబుతోనే పోసుకుంటున్నాం. వెంట్రుక గానీ మెతుకు గానీ పెదవుల మధ్య ఇరుక్కుంటే మూసుకోదు, పక్షానికోసారి తీసి పాత బ్రష్‌తో కడగాలి. సైజు విషయంలో కొన్నప్పుడు దెబ్బతిన్నాను. జాలీ పైన ప్లేటు కొలిచి తెచ్చాను, కొలవాల్సింది లోపల పైపు నోరు. మొదటిది వదులుగా ఉండి పక్కల నుంచి గాలి వచ్చింది, మేస్త్రి రబ్బరు రింగు వేసి బిగించాడు. కింద ట్యాంకు నిండిపోతే నీళ్లు వెనక్కి తన్నకుండా ఇది ఆపలేదు, అది దీని తప్పు కాదు, కానీ ఆపుతుందనుకుని కొనకండి.

అది పెట్టిన రాత్రి కంపు సగం తగ్గింది. సగమే. మర్నాడు మేస్త్రి చేసిన పని నాకు భలే నచ్చింది. జాలీ, బేసిన్, సింకు, కమోడ్ అన్నిటి మీదా పాలిథిన్ కవర్లు వేసి టేపుతో అంటించేసి, రాత్రంతా బండి మూసి ఉంచమన్నాడు. పొద్దున్న తలుపు తీస్తే కవర్లన్నీ బిగిసే ఉన్నాయి, కంపు మాత్రం ఉంది! అంటే మేం మూయని దారి ఇంకేదో ఉంది. ముక్కు పెట్టి వెతికితే సింకు కింద అలమారాలో దొరికింది. అక్కడ పైపు మీద టోపీలా ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. సింకు నీళ్లు జారిపోయేటప్పుడు పైపులోకి గాలి తీసుకుని, ట్రాప్‌లో నీళ్లని కూడా లాగేసుకుపోకుండా చూస్తుంది, తర్వాత మూసుకోవాలి. మాది తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. దుమ్ము, కుదుపులు. కొత్తది వేశాక ఆ అలమారా వాసన పోయింది, ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ అని అడిగితే ఇస్తారు. దాన్ని నిలువుగా, ట్రాప్ కన్నా ఎత్తులో పెట్టాలి, అడ్డంగా పెడితే సరిగ్గా మూసుకోదు.

మూడోది కమోడ్. ట్యాంకు సగం కన్నా తక్కువ ఉంటే ఏమీ లేదు, సగం దాటాక పెడల్ నొక్కగానే గుడగుడమని ముఖం మీదకి కొట్టేది. మేస్త్రి టాపు ఎక్కి, లెట్రిన్ ట్యాంకు గాలి పైకి పోయే పైపుని పట్టుకుంటే నాలుగంగుళాలు పైకి వచ్చేసింది. కట్టినవాళ్లు దాన్ని టాపు దగ్గర కాస్త సీలెంట్‌తో అంటించి వదిలేశారు, కుదుపులకి అది జారి, కింది కొస ట్యాంకులో మునిగిపోతోంది. గాలి పైపు నోరు మురుగులో మునిగితే గాలి ఎటు పోతుంది, పెడల్ తెరిచినప్పుడు మన మీదకే. పైకి లాగి, కొస ట్యాంకు పైకప్పుకి కొంచెం కిందే ఉండేలా చూసి, టాపు దగ్గర క్లాంప్ వేసి సీల్ చేశాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుండగా ఫ్లష్ కొట్టొద్దని కూడా చెప్పాడు, ఫ్యాన్ లాగే గాలి ట్యాంకులోంచే వస్తుంది కదా. మూత దించి, ఫ్లష్ కొట్టి, తర్వాత ఫ్యాన్.

కమోడ్ గిన్నెలో రాత్రి పోసిన నీళ్లు పొద్దున్నకి ఉండాలి. లేకపోతే అడుగు పలక చుట్టూ ఉన్న రబ్బరు సీలు ఎండిందనో, ఇసుక ఇరుక్కుందనో అర్థం. తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. అమ్మ కొబ్బరి నూనె రాద్దామంది, నూనెలు, వేజలిన్ వద్దు, వేజలిన్ రబ్బరుని ఉబ్బిస్తుంది.

మేస్త్రికి రెండు రోజుల కూలి, సామాను, అంతా కలిపి నీలం బాటిళ్లకి పోసిన దాని కన్నా తక్కువే అయింది.

మేం ఇప్పుడు పాటించేవి కూడా చెప్తాను. లెట్రిన్ ట్యాంకు వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచుతాం, తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. మూడొంతుల్లో రెండొంతులు నిండాక ఇంటి సెప్టిక్ ట్యాంకులోకే వదులుతాం, తర్వాత రెండో ట్యాంకు వదిలితే ఆ నీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. నాగావళిలోకో రోడ్డు పక్క కాలవలోకో వదిలేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ నీళ్లే ఎవరో తాగుతారు. ఖాళీ చేశాక పది లీటర్లు మంచి నీళ్లు పోస్తాం. కళింగపట్నంలో చేపలు కొంటే బండి సింకులో కడగం, బయట బకెట్‌లో కడుగుతాం. నిజానికి చేపల నీళ్లూ నూనె గిన్నెల నీళ్లూ నిలిచిన ట్యాంకు లెట్రిన్ ట్యాంకు కన్నా ఎక్కువ కంపు కొడుతుంది, ఒకసారి అనుభవించాం.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది నీళ్లు నిలవడం వల్లా, ప్యాకెట్ మీద కంపంతా పోతుందని రాసినందుకూ. బండి తరచూ ఖాళీగా నిలబెట్టేవాళ్లు, ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లు కొనుక్కోండి. మీ జాలీలో ఒక చెంబు నీళ్లు పోసి అరగంట ఆగి చూడండి ముందు, దాంతో కంపు పోతే మీకు కావాల్సింది ఇదే, పోకపోతే సింకు కిందా టాపు మీదా వెతకండి.

పోయిన ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుని శ్రీకూర్మం వెళ్లాం. దారిలో నాన్న రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లారు, సీసాడు నీళ్లు తాగారు, కిటికీ పక్కన కూర్చుని దాని అద్దం తెరుచుకున్నారు.