కట్నం డబ్బును పెట్టుబడిగా లెక్కగట్టిన పుస్తకం

షియాంగ్ బియావ్ చైనాలోని వెన్‌జౌలో పుట్టిన మానవశాస్త్ర పరిశోధకుడు. 2000–01 ప్రాంతంలో హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లతో, వాళ్లను విదేశాలకు పంపే కన్సల్టెన్సీల వాళ్లతో తిరిగి ఆయన రాసిన 'గ్లోబల్ బాడీ షాపింగ్'ని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ 2007లో వేసింది. గుంటూరులో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పే నేను, మా ఊళ్ల డబ్బు గురించి ఇంత సూటిగా మాట్లాడిన పరిశోధన గ్రంథం ఇంకొకటి చదవలేదు.

బాడీ షాపింగ్ పద్ధతి మన ఇళ్లలో చాలామందికి తెలిసిందే. పరాయి దేశంలోని ఒక చిన్న కన్సల్టెన్సీ ఇక్కడి కుర్రాణ్ణి తన ఉద్యోగిగా చూపించి వీసా మీద రప్పించుకుంటుంది. అతన్ని వేరే కంపెనీ ప్రాజెక్టులో పెట్టి, వచ్చే డబ్బులో తన వాటా తీసుకుంటుంది. నడుమ ఇద్దరు ముగ్గురు ఏజెంట్లుంటే వాళ్ల వాటాలు వాళ్లవి. ప్రాజెక్టు అయిపోతే కుర్రాడు బెంచ్ మీద కూర్చుంటాడు. జీతం ఉండదు, ఉన్నా అంతంతమాత్రం. డాట్‌కామ్ కంపెనీలు కూలుతున్న రోజుల్లోనే షియాంగ్ ఈ పని చేశారు కాబట్టి ఆ బెంచ్ ఎవరికి పనికొస్తుందో దగ్గరగా చూడగలిగారు. గిరాకీ పడిపోయినప్పుడు ఆ నష్టం పెద్ద కంపెనీని తాకకుండా ఏజెంటు నుంచి ఏజెంటుకు దిగుతూ వచ్చి చివరికి కుర్రాడి నెత్తిన పడుతుంది. ఈ సంగతిని ఏజెంట్ల గొలుసుల మీద రాసిన అధ్యాయం ఎంతో ఓపిగ్గా విప్పి చూపిస్తుంది.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఆంధ్రలో 'ఐటీ మనుషులు' ఎలా తయారవుతారో చెప్పే అధ్యాయం. సేద్యంలో మిగిలిన డబ్బు ఇంజనీరింగ్ సీట్లలోకి, కంప్యూటర్ కోర్సుల్లోకి, విదేశీ ప్రయాణాల్లోకి ఎలా మళ్లిందో వివరిస్తూ, ఆ దారిలో కట్నాన్ని కూడా ఆయన లెక్కలోకి తెచ్చారు. ఆడపిల్ల పుట్టింటి సొమ్ము వరుడి చదువుకూ వలసకూ పెట్టుబడి అవుతోంది. ఆ పెట్టుబడి మీద తయారైన చవక శ్రమ ప్రపంచ ఐటీ పరిశ్రమకు అందుతోంది. మా తెనాలి వైపు పెరిగిన ఎవరికైనా ఈ మాట గుచ్చుకుంటుంది. మా పెద్దనాన్న కూతురి పెళ్లికి మాగాణి అమ్మారు. ఆ డబ్బులో కొంత బావగారి తమ్ముడి అమీర్‌పేట కోర్సులకీ, కన్సల్టెన్సీ ఫీజుకీ వెళ్లిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా అందరూ దాన్ని 'పిల్ల పెళ్లి ఖర్చు' అనే అన్నారు. 1961 నుంచీ కట్నం నేరం కనుక ఏ ఖాతా పుస్తకంలోనూ అది కనబడదు. కనబడని ఆ సొమ్ముకు అర్థశాస్త్రంలో చోటిచ్చినందుకే ఈ పుస్తకం నాకు ఇంత విలువైనది.

అయితే ఒక పెద్ద లోటుంది. కట్నం గురించి ఇంత చెప్పిన పుస్తకంలో ఆ కట్నం తెచ్చిన అమ్మాయి మాట బహు తక్కువ. పేజీల నిండా మగపిల్లలూ ఏజెంట్లే. అందుకే దీని వెంటనే అమీ భట్ అనే పరిశోధకురాలు రాసిన 'హై-టెక్ హౌస్‌వైవ్స్' చదవమంటాను. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ప్రెస్ 2018లో తెచ్చింది. ఇక్కడ భర్తతో సమానంగా ఉద్యోగం చేసి, అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చోవలసి వచ్చిన భార్యల మాటలు అందులో ఉన్నాయి. వాళ్లు జీతం లేకుండా చేసే ఇంటి చాకిరీ ఐటీ పరిశ్రమను నిలబెడుతోందని ఆవిడ వాదన. హెచ్-4 అనే ఆ డిపెండెంట్ వీసా మీద ఉన్నవారిలో కొందరికి పనిచేసే అనుమతి దొరికింది 2015 మేలో. అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. మా చెల్లెలు వరసయ్యే అమ్మాయి ఎం.సి.ఏ. చదివి ఆ దశ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఆమెకు ఈ పుస్తకం పంపిస్తే రాత్రికి రాత్రి చదివేసి ఫోన్ చేసింది.

షియాంగ్ పుస్తకం చిన్నదే కానీ మొదట్లో సిద్ధాంత చర్చ బరువుగా ఉంటుంది. అక్కడ ఆగిపోవద్దు, ఆంధ్ర అధ్యాయం నుంచి మొదలుపెట్టి తర్వాత వెనక్కి రావచ్చు. ధర మన జేబుకు ఎక్కువే కాబట్టి కాలేజీ లైబ్రరీ చేత తెప్పించండి. నా ఫైనలియర్ పిల్లలకు ఈ ఏడు ఆ అధ్యాయాన్ని తెలుగులో పాఠంగా చెబుతున్నాను. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు అమ్మిన పొలం డబ్బు ఎవరి చదువుకు వెళ్లిందో అడిగి రాసుకురమ్మన్నాను.